రాజమ్మ ఆంటీ వడ్డన

శనివారం పొద్దున సింగపూర్ బిషాన్‌లో మా లిఫ్ట్ తలుపులు తెరుచుకుంటే మనుషులకన్నా ముందు వాసన లోపలికి వస్తుంది. కింద మలయ్ ఆవిడ తన దుకాణంలో కొబ్బరిపాలలో పాండన్ అనే సువాసన ఆకు ముడివేసి పడేసి అన్నం వండుతుంది. పక్కన బాణలిలో ఎండుమిరపకాయల సంబల్ ముద్ద నూనె తేలేదాకా వేగుతూ ఉంటుంది. ఆ రెండు వాసనలూ కలిసి ముక్కుకు తగిలాయంటే నాకింక కాలు నిలవదు. ఇన్నేళ్ళొచ్చాక కూడా ఏమిటీ ఆత్రం అని నన్ను నేనే మందలించుకుంటాను కానీ, చెప్పులు అప్పటికే కాళ్ళకి ఉంటాయి. ఈ ఆత్రం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. అప్పట్లో నేనుండే బుకిట్ బటోక్‌లో మా పక్కింటి రాజమ్మ ఆంటీ అంటించింది.

అవి కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతివాళ్ళకీ ఎక్కడో ఒకచోట వీసా దొరుకుతున్న రోజులు. తణుకు నుంచి నేనూ అలాగే ఒక సూట్‌కేసు, దానికన్నా బరువైన ఆవకాయ జాడీతో సింగపూర్‌లో దిగాను. ఉద్యోగం బాగుంది, గది బాగుంది, రైళ్ళు అద్దాల్లా మెరుస్తున్నాయి. వచ్చిన చిక్కల్లా మధ్యాహ్నం భోజనం దగ్గరే. మా టీమంతా కలిసి హాకర్ సెంటర్‌కి, అంటే తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే చోటికి, వెళ్ళేవాళ్ళు. అక్కడ ఎవరి పళ్ళెం వాళ్ళది కాదు. నాలుగు కూరలు తెచ్చి బల్ల మధ్యలో పెట్టి, నోట్లో పెట్టుకున్న చెంచాతోనే మళ్ళీ అందులోంచి తీసుకుని తింటారు. మొదటిరోజు అది చూసి నాకు ఒళ్ళు జలదరించింది. మా ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా పైకెత్తి పోసుకోవాలి. అమ్మ ఎంగిలి తప్ప ఇంకొకరిది తిని ఎరగను. కడుపులో బాగాలేదని ఆరోజు తప్పించుకున్నాను. మర్నాటి నుంచి పెరుగన్నం డబ్బా తెచ్చుకుని నా కంప్యూటర్ ముందే కూర్చుని తినేదాన్ని.

మూడు నెలల ప్రొబేషన్ ముగియబోతుండగా ఒక శుక్రవారం సాయంత్రం మా మేనేజర్ లిమ్ పిలిచాడు. మంచివాడే, మాట నెమ్మది. నా పనికి వంక పెట్టలేదు. తరవాతి ప్రాజెక్టు కస్టమర్ ఆఫీసులో ఉంటుందనీ, అందరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకేచోట ఉండాలనీ చెప్పి, కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి అన్నాడు: "యువర్ వర్క్ నో ప్రాబ్లమ్ లా. బట్ యూ నెవర్ మకాన్ విత్ అస్. టీమంతా నీకు తామంటే ఇష్టం లేదనుకుంటున్నారు."

మకాన్ అంటే మలయ్‌లో తినడం. ఎంగిలి అన్న మాటని ఇంగ్లీషులో ఎలా చెప్పేది? ఉమ్మి అంటే కొట్టినట్టుంటుంది. చెప్పకపోతే గర్వం అనుకుంటారు. సోమవారం నుంచి వారంపాటు చూసి, నన్ను ఉద్యోగంలో ఉంచేదీ లేనిదీ చెబుతానన్నాడు లిమ్. ఇంటికి తిరిగి వచ్చేస్తున్నానని నాన్నకి ఏ మొహంతో ఫోన్ చేయాలా అనుకుంటూ రైల్లో నిలబడి వచ్చాను.

మా వరండాలో రాజమ్మ ఆంటీ మిరపమొక్కలకి నీళ్ళు పోస్తోంది. ఆవిడ తాతగారి కాలంలోనే వాళ్ళు విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చేశారు. ఆవిడ పుట్టింది అక్కడే, టీచరుగా చేసి రిటైరయింది ఇక్కడ. ఆవిడ తెలుగులో సగం తమిళం, మధ్యమధ్య మలయ్ మాటలు, అన్నిటికీ పైన టీచరమ్మ గద్దింపు. నా మొహం చూసి విషయం అడిగింది. చెప్పాను. ఓదారుస్తుందనుకుంటే కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. నవ్వడం అయ్యాక నీళ్ళచెంబు కింద పెట్టి, "రేపు వంట చేశావంటే నీ కుక్కర్ పట్టుకెళ్ళి దాచేస్తాను. నాతో మకాన్‌కి రా," అంది.

మర్నాడు మా బ్లాకు కింద, పేరుకి కాఫీ దుకాణమే అయినా లోపల తిండి దుకాణాలన్నీ ఉన్న చోట అడుగు పెట్టగానే ఆంటీ చేతిసంచిలోంచి కాగితం రుమాళ్ళ పొట్లం తీసి ఖాళీ బల్ల మీద పడేసింది. ఇక ఆ బల్ల మాదే, దేశాధ్యక్షుడు వచ్చినా కూర్చోడట. తరవాత నన్ను వెంటబెట్టుకుని తింటున్న వాళ్ళ మధ్యలోంచి తాపీగా నడుస్తూ అందరి పళ్ళేల్లోకీ తొంగిచూడటం మొదలుపెట్టింది. ఓరి దేవుడా, ఎదుటివాళ్ళ కంచంలోకి చూస్తే దిష్టి తగులుతుందని చిన్నప్పుడు నేను తిన్న దెబ్బలన్నీ గుర్తొచ్చాయి. ఆవిడకి అదేం పట్టలేదు. ఒక చైనా తాతగారి దగ్గర ఆగి అదేమిటో, ఏ దుకాణంలోదో అడిగింది. ఆయన కోప్పడకపోగా చెంచాతో చూపిస్తూ, కారం ఎక్కువ వేయమని చెప్పండి అని సలహా కూడా ఇచ్చాడు.

ఆరోజు నాకు కళ్ళు చెదిరిపోయాయి. క్యారెట్ కేక్ అంటే తియ్యగా ఏదో వస్తుందని ఆశపడితే, ముల్లంగీ బియ్యప్పిండీ కలిపి ఆవిరిపట్టిన ముక్కల్ని గుడ్డుతో ఎర్రగా వేయించి తెచ్చారు. ఒక్క క్యారెట్ లేదు, అయినా ఎంత కమ్మగా ఉందో! ఒకాయన పరోటా పిండిని గాల్లోకి విసిరి చీరకుచ్చెళ్ళలా మడతపెడుతుంటే నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. కొబ్బరన్నం మీద నెత్తళ్ళ చేపల వేపుడు కనపడగానే ప్రాణం లేచివచ్చింది. ఇక మట్టిదాకలో చేపతల కూర వచ్చింది చూడండి, బెండకాయలు, చింతపండు పులుసు, కరివేపాకు... ఇది మా గోదావరి పులుసే, దీన్ని ఇక్కడిదాకా ఎవరు మోసుకొచ్చారని గట్టిగా అడిగేశాను. పక్కబల్ల వాళ్ళు తిరిగి చూశారు. ఆంటీ మురిసిపోయింది.

అంతా బాగానే ఉంది, ఆవిడ ఆ దాకని మా ఇద్దరి మధ్యలో పెట్టేదాకా. నా చెయ్యి ఆగిపోయింది. ఆంటీ నా మొహంలోకి చూసింది కానీ ఈసారి నవ్వలేదు. "మీ ఊళ్ళో పెళ్ళి భోజనాల్లో బంతిలో కూర్చున్నవాళ్ళు గిన్నెలో చెయ్యి పెడతారా?" అంది. పెట్టరు, వడ్డించేవాళ్ళు వడ్డిస్తారన్నాను. "మరింకేం? అందరికన్నా ముందు నువ్వు లేచి వడ్డించు. ఎవరి చెంచా నోటికి వెళ్ళకముందే అందరి పళ్ళేల్లోనూ పడిపోవాలి. వడ్డించినవాళ్ళని గర్విష్ఠి అని ఎవరూ అనరే పిచ్చిదానా."

ఇంత చిన్న ఉపాయం నాకెందుకు తట్టలేదని నెత్తి కొట్టుకున్నాను. పెళ్ళిళ్ళలో ఓణీ బొడ్లో దోపుకుని బంతులకి బంతులు వడ్డించినదాన్ని నేను! అప్పటికప్పుడు దుకాణంలో ఇంకో గరిటె అడిగి తెచ్చి ఆంటీకి వడ్డించాను. చాలు చాలంటున్నా వినకుండా మరో ముక్క వేశాను.

సోమవారం మధ్యాహ్నం అందరికన్నా ముందు పరుగెత్తి, రుమాళ్ళ పొట్లంతో బల్ల పట్టేశాను. టీమంతా వచ్చి నన్ను చూసి ఆశ్చర్యపోయారు. చేపతల కూర తెప్పించాను. దాక బల్ల మీదికి రావడం ఆలస్యం, లేచి నిలబడి గరిటె అందుకున్నాను. లిమ్‌కి చెంపముక్క, పక్కనున్న అమ్మాయికి బెండకాయలు, అందరికీ పులుసు. లిమ్ వద్దని చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి ఇంకాస్త పోశాను. మా వైపు అంతే, వద్దన్నవాళ్ళకే ఎక్కువ పడుతుంది. లిమ్ తన నిండిన పళ్ళెం చూసుకుని పడీపడీ నవ్వాడు. ఆరోజు నేను కడుపునిండా తిన్నాను. గురువారం నాటికి కూరలు వచ్చినా ఎవరూ చెంచా ఎత్తకుండా నావైపు చూడటం అలవాటైంది. శుక్రవారం లిమ్ నన్ను గదిలోకి పిలవనేలేదు. బల్ల దగ్గరే, అందరి ముందూ చెప్పాడు: "సుధ గోయింగ్ విత్ అస్ లా. లేకపోతే మాకు ఎవరు వడ్డిస్తారు?" గరిటె చేతిలో ఉండగానే నాకు ఏడుపొచ్చేసింది.

ఆ తరవాత ఎన్ని శనివారాలో! ఆంటీతో తిరగని సందు లేదు, తొంగిచూడని పళ్ళెం లేదు. నాకు పెళ్ళయి బిషాన్‌కి మారాక కూడా రైలెక్కి వెళ్ళేదాన్ని. ఎప్పుడూ వడ్డన నాదే. ఆవిడ తన చెంచాని నా పళ్ళేనికి తగలనిచ్చేది కాదు. అన్నేళ్ళ స్నేహంలోనూ నా పట్టింపుని ఆవిడ వెక్కిరించింది కానీ ఒక్కసారీ మీరలేదు.

ఒక ఏడాది జబ్బుచేసి ఆసుపత్రిలో ఉండి వచ్చాక ఆవిడ బాగా చిక్కిపోయింది. అయినా శనివారం మానలేదు. చక్రాల కుర్చీలో కిందికి తీసుకెళ్ళాను. కొబ్బరన్నం అడిగింది. రెండు చెంచాలు తిని, ఇక లోపలికి పోవడం లేదని పళ్ళెం పక్కకి నెట్టి, కళ్ళు దించుకుంది. అన్నం పారేయడం ఆవిడ జన్మలో చేయని పని. నేను ఆ పళ్ళెం నా ముందుకి లాక్కుని, ఆవిడ చెంచాతోనే తినడం మొదలుపెట్టాను.

"సుధా, అది ఎంగిలే," అంది ఆంటీ.

తెలుసన్నాను.

ఆవిడ మళ్ళీ ఆ పాత టీచరమ్మ గొంతుతో, "అయితే ఆ సంబల్ వదలకు," అంది. వదల్లేదు. ఆవిడతో నేను తిన్న చివరి భోజనం అదే.

ఇప్పుడు నా వెనకే మా అమ్మాయి లిఫ్ట్ దిగి, "ఫాస్ట్ లా అమ్మా, ఐయామ్ సో హంగ్రీ," అంటూ పరుగెత్తుకెళ్ళి బల్ల మీద రుమాళ్ళ పొట్లం పడేస్తుంది. పక్కవాళ్ళ పళ్ళేల్లోకి నిస్సంకోచంగా తొంగిచూస్తుంది. ఎవరు నేర్పారో దానికి తెలియదు. ఆఫీసులో ఈరోజుకీ గరిటె నాదే, కొత్తగా వచ్చిన పిల్లలకి ముందు నేనే వడ్డిస్తాను. కానీ శనివారం మాత్రం నాకూ మా అమ్మాయికీ కలిపి కొబ్బరన్నం ఒకే పళ్ళెం తీసుకుంటాం. మలయ్ ఆవిడ చెంచాలు రెండా అని అడుగుతుంది.

ఒకటి చాలు అంటాను.