చిక్కుడు గింజలకు పట్నం బూడిద

కిరోసిన్ స్టవ్వు కావాలని పట్టుబట్టింది నేనే. డెబ్బయ్యవ దశకపు ఖాజాగూడలో మా వాడకట్టు మొత్తానికి స్టవ్వు ఉన్నది మా ఇంట్లోనే అని నాకు చెప్పలేనంత గర్వం. పొయ్యి ఆరిపోతే ఇంట్లో బూడిద కరువవుతుందని మాత్రం తట్టలేదు.

అత్తమ్మకు బూడిద కావాలి. పుట్టింటి నుంచి తెచ్చుకున్న చిక్కుడు గింజలను ఆమె ఏటా పొయ్యి బూడిదలో కలిపి, కుండలో పోసి, మూతికి పేడ మెత్తి దాచేది. అలా దాస్తే పురుగు చేరదు, చెమ్మ పట్టదు. తల్లి పోయాక ఆ ఊరికి రాకపోకలు ఆగిపోయాయి. పుట్టింటిదంటూ ఆమెకు మిగిలింది ఆ గింజలే.

"పొయ్యి లేకపాయె. ఇగ బూడిద యాడికెల్లి తేవాలె బిడ్డా?" అంది.

"నువ్వేం ఫికర్ చెయ్యకు అత్తమ్మా" అన్నాను పెద్ద ఆరిందాలా. స్టవ్వు గొప్పలు చెప్పిన నోటితో పక్కింట్లో బూడిద అడగడం నామోషీ. పట్నం చెత్తను బట్టీలో కాల్చి, ఆ బూడిదను బండ్ల మీద తెచ్చి మా గుట్ట అవతలి గుంతల్లో పోసేవారు. ఒక సంచి నింపుకొచ్చి జల్లెడ పట్టాను. గాజు పెంకులు, మేకులు, కాలిన డబ్బా మూతలు పైన మిగిలాయి. కిందికి దిగింది విభూతిలా మెత్తగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తొలకరికి కుండ మూత తీస్తే లోపలికి చెయ్యి దిగలేదు. బూడిద గచ్చులా గట్టిపడింది. కుండ పగలగొట్టి, అత్తమ్మ తడుముకుంటూ గోటితో ఒక్కో గింజా పెకిలించింది. చాలా వరకు నల్లబడ్డాయి. బాగున్నాయనుకున్న కొన్నింటిని పందిరి కింద నాటింది.

నేను గుట్ట అవతలికి పరుగెత్తి బూడిద బండి తోలే ఆయన్ని అడిగాను.

"గా బూడిదల ఉప్పుంటదమ్మా, చెమ్మ గుంజుకుంటది. ఒక వానకాలమంత బయటేస్తే గా ఉప్పు కొట్టుకపోతది. గట్లనే వాడినవా?" అన్నాడు.

జల్లెడలో మిగిలిందే చెత్త అనుకున్నాను నేను.

అత్తమ్మకు చూపు మందం. రోజూ పొద్దున్నే "మొలిచినయా బిడ్డా?" అని అడిగేది. "ఇంకా లేదత్తమ్మా" అనేదాన్ని. నీళ్లు పోశాను, మన్ను గుల్ల చేశాను, దేవుడికి దండం పెట్టాను. అంతకు మించి నా చేతిలో ఏముంది? ఒక్క మాట తిట్టినా ప్రాణం కుదుటపడేది. ఆమె తిట్టలేదు. పన్నెండో రోజున అడగడం మానేసింది.

మరునాడు నేను లేచేసరికి ఇల్లంతా పొగ. అత్తమ్మ పాత పొయ్యి వెలిగించింది. మధ్యాహ్నానికి చల్లారిన బూడిదను కొత్త కుండలోకి ఎత్తుతోంది.

"అండ్ల ఏం దాస్తవత్తమ్మా?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

ఆమె కుండలోకి వంగి చూసి, ఉత్త బూడిదే ఉన్న ఆ కుండ మూతికి పేడ మెత్తడం మొదలుపెట్టింది.