పార్సిల్‌లో పిడికెడు కొసరు

మా వదిన చెనిక్కాయల పొడికి మిరపకాయలు వేయిస్తే కమలాపురంలో మా వీధి వీధంతా తుమ్ముతుంది. ఆ పొడి రుచి మరిగిన చుట్టాలు హైదరాబాదుకు పంపు, బెంగుళూరుకు పంపు అని వెంటపడితే ఇంట్లోనే చిన్న వ్యాపారం పెట్టుకుంది. పెళ్ళయ్యాక ఆమె చేతికి వచ్చిన సొంత సంపాదన అదొక్కటే. వచ్చిందంతా పార్సిల్ ఖర్చులకే పోయేది. చివరికి మా అన్న తెగేసి చెప్పాడు.

"ఈ నెల గూడా చేతి డబ్బులు పోతే ఇంగ ఆపేయ్."

వదిన రోలు ముందు చెయ్యి ఆడించకుండా కూర్చుంది. ఆమెను అట్లా చూసి నా ప్రాణం ఉసూరుమంది. మరుసటి రోజు పోస్టాఫీసుకు నేనూ వెంటపోయాను.

అరకిలో దాటితే పై రేటు పడుతుంది. డబ్బా, అట్టపెట్టె కలిపి అరకిలో లోపలే ఉండేటట్టు ఎంత పొడి వేయాలో నేనే చెప్పి ఉన్నాను. తీరా చూస్తే, కాటా మీద పెట్టిన ప్రతి పార్సిలూ అరకిలో దాటి రవ్వంత పైకే పోతోంది!

"ఏం వదినా, కొలత తప్పినావా?"

"యాడ తప్పినా పాపా? కొలిచినంక కొసరు ఏసినా."

ప్రతి డబ్బాలో పిడికెడు! నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ కొసరు కొంపకే ఎసరు పెడతాండాది గదే తల్లీ!" అని అక్కడే అరిచాను. వెనక నిలబడినవాళ్ళు నవ్వారు.

"మా నాయన అంగట్లో గింజలు కొలిస్తే సేరు మీద గోపురం నిలిచేది. కొసరు లేకుండా ఇయ్యాలంటే నాకు చెయ్యి రాదు" అంది వదిన.

అయినా నా పోరు పడలేక మానేసింది. నాలుగు రూపాయలు మిగలసాగాయి. అన్న సణుగుడు తగ్గింది. అంతా బాగుందనుకునేసరికి హైదరాబాదు నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. ఆమెదీ కడప పక్కే.

"ఏమ్మా, ఒంట్లో బాగుండాదా? ఈసారి డబ్బా వెలితిగా వచ్చింది. ఏమన్నా ఇబ్బందా?"

వదిన ఫోన్ పెట్టేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తక్కువ పంపినావని తిట్టింటే బాగుండు పాపా. నాకు బాగలేదేమో అనుకునింది."

ఇంక నా వల్ల కాలేదు. పొడి తగ్గించకూడదు, బరువు తగ్గాలి. మరి మిగిలింది డబ్బా, పెట్టే కదా! రెండూ తీసి పారేశాను. పొడిని రెండు మందపాటి కవర్లలో పోసి మూతి గట్టిగా అతికించాం. పైన పాత పల్చటి నూలు చీర గుడ్డ చుట్టి, దబ్బనంతో కుట్టాం. లోపల కొసరుంది.

కౌంటర్లో కాటా ముందు వదిన కళ్ళు మూసుకుని నిలబడింది. అంకెలు ఎగిరెగిరి అరకిలోకు కాస్త కిందనే ఆగాయి.

"కింది రేటేనమ్మా" అన్నాడు గుమాస్తా.

వదిన కళ్ళు తెరిచింది. హమ్మయ్య అంటుందనుకున్నాను. ఆమె అంకెల వైపు చూసి, ఆ పార్సిల్‌ను గభాలున వెనక్కి లాక్కుంది.

"ఇంగా రవ్వంత జాగా ఉండాది గదా పాపా! ఇంటికి పా, కుట్టు ఇప్పుదాం."