పుష్ప పంచిన చీటీలు

ఆదోనిలో కొత్త దుకాణం తెరిచినా, మిల్లులో పత్తి ఆడించడం మొదలైనా దీవెనకు రేణుకనే పిలుస్తారు. రేణుక హిజ్రా. జబ్బుల గురించి చెప్పే సంఘాలవాళ్ళయినా, గుర్తింపు కార్డులు ఇప్పించేవాళ్ళయినా ముందు ఆమె గడపే తొక్కేవారు. ఈ చుట్టుపక్కల తనలాంటివాళ్ళు ఎవరున్నా తనకు తెలియకుండా ఉండరని ఆమె నమ్మకం.

అందుకే, కొత్త సర్వేవాళ్ళు తనను పలకరించకుండా ఎమ్మిగనూరులో దిగారని విన్నప్పుడు ఆమెకు ముద్ద దిగలేదు.

హిజ్రాల ఆరోగ్యం, మగవాళ్ళను ఇష్టపడే మగవాళ్ళ ఆరోగ్యం తెలుసుకునే సర్వే అది. ఇలాంటివాళ్ళను ఇల్లిల్లూ తిరిగి అడిగితే దొరకరు. అందుకని ముందు ఒకరిని ఎంచుకుని మూడు చీటీలు ఇస్తారు. ఆ మనిషి వాటిని తనలాంటివాళ్ళకు పంచాలి. చీటీతో వచ్చి జవాబులు చెప్పినవాళ్ళకు మళ్ళీ మూడు ఇస్తారు. అలా గొలుసు సాగుతుంది. మొదటి మనిషిని విత్తనం అంటారు.

ఆ విత్తనం పుష్ప. నందవరం నుంచి వచ్చి, ఎమ్మిగనూరులో చీరలకు ఫాల్ కుట్టుకుని బతికే పుష్ప. ఆమెకు చీర కట్టడం నేర్పిందే రేణుక.

రేణుక బస్సెక్కి పోయి, సర్వే నడిపే లతను నిలదీసింది. "మీ ద్వారా పోతే మీకు తెలిసినవాళ్ళే వస్తారమ్మా. వాళ్ళతో ఇదివరకే అందరూ మాట్లాడారు. మాకు దాక్కుని ఉన్నవాళ్ళు కావాలి" అంది లత.

"పుష్పకెవురు తెలుసని వస్తారో నేనూ సూస్తా" అంటూ రేణుక ఆఫీసు అరుగు మీద వక్కాకు వేసుకుని కూర్చుంది. ఎవరూ రాకూడదని లోపల కోరుకుంది.

కాసేపటికి చొక్కాకు నూలు పీచు అంటుకున్న నడివయసు మనిషి ఒకడు సందు మలుపు తిరిగి ఆమెను చూసి ఆగాడు. దారి తప్పినవాడిలా వెనక్కి మళ్ళాడు. తర్వాత మోటారు సైకిల్ మీద వచ్చినవాడు కూడా ఆగకుండా పోయాడు. రేణుక లోలోపల సంతోషపడింది.

పుష్ప బయటికి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"అక్కా, నిన్ను సూసే ఎనక్కి పోతాండారు. నీతో కనపడితే ఊరంతా తెలిసిపోతాదని భయం వాళ్ళకు."

"నన్ను లేసి పొమ్మంటాండావా?"

"కొంచేపు. ముందొచ్చిన ఆయప్ప పుట్టినకాన్నుంచి ఎవురికీ సెప్పుకోలేదంట. నాతో సెప్పినాడు."

ఆ చివరి మాటే రేణుకకు ముల్లులా దిగింది. ఇన్నేళ్ళలో తన దగ్గరికి అలా వచ్చి చెప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. అయినా లేచింది. బస్టాండు వైపు నడుస్తుంటే ఆ నూలు పీచు చొక్కా మనిషి టీ బంకు చాటున నిలబడి ఉన్నాడు. ఆమె తల తిప్పుకుని దాటిపోయింది. వెనకాల అతడు సందులోకి తిరిగాడు.

గొలుసు ఆదోని దాకా పాకింది. ఒక మధ్యాహ్నం మార్కెట్ యార్డులో మూటలు మోసే మారెప్ప ఆమె ఇంటికి వచ్చాడు. రోజూ ఎదురుపడినా ఏనాడూ పలకనివాడు. చీటీ చేతిలో పెట్టి, "నేను పోయొచ్చినానక్కా. నువ్వూ పో" అన్నాడు.

"నీకెవురిచ్చినార్రా?"

మారెప్ప అప్పటికే గడప దాటాడు. ఎవరిచ్చినా, అది ఎక్కడ మొదలైందో ఆమెకు తెలుసు. పుష్ప గొలుసులో ఎక్కడో చివర తానుంది. చీటీ చించేద్దామనుకుంది. రెండు రోజులు దిండు కింద పెట్టుకుని, మూడో రోజు పోయి అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పింది. చేతికి వచ్చిన మూడు చీటీలలో రెండు పంచింది. మూడోది ఇవ్వడానికి, పుష్ప గొలుసు అప్పటికి చేరని మనిషి ఆమెకు తట్టలేదు.

జవాబులు చెప్పిన రోజు ఆఫీసులో పుష్ప టీ తెచ్చి ఇస్తే తీసుకుంది. సగం తాగి, చక్కెర ఎక్కువైందని గ్లాసు కింద పెట్టింది.