మామ పడుగూ, నా గాలి జీపూ

ముందే చెప్పేస్తున్నాను: నేను చెప్పేదాంట్లో వీసెడు నిజానికి మణుగు మసాలా ఉంటుంది. నేను 'వాన వస్తోంది' అంటే మా ఇంట్లోవాళ్ళు కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకుంటారు. మీరూ అలా చెయ్యి చాపుకునే చదవండి.

ఆ రోజుల్లో దేశం తలుపులు తెరిచిందని పేపర్లు తెగ రాసేవి. మా వేలూరులో తలుపులకంటే ముందు ఇనుప గేట్లొచ్చాయి. ప్రతి కొత్త ఇంటికీ ఒక గేటు, గేటు మీద నెమలి, నెమలికి ఏడు రంగులు. తాతల కాలంలో మగ్గం వదిలి తాపీ పట్టుకున్న ఇంట్లో పుట్టిన నేను, తాపీ కూడా వదిలేసి రంగులు కొట్టే స్ప్రే గన్ పట్టుకున్నాను. చిక్కల్లా కరెంటుతోనే. ఇళ్ళు కట్టేచోట అది ఉండదు, ఉన్నచోట నిలవదు. అందుకని పాత ఫోర్ వీల్ జీపు ఒకటి సంపాదించి, దాని ఇంజనుతోనే తిరిగేలా ఎయిర్ కంప్రెసర్ బిగించాలని నిశ్చయించాను. ఇక జీపు ఎక్కడికి పోతే గాలి అక్కడికి వస్తుంది. విరించిపురం దగ్గర పాలారులో దిగి అవతలి గట్టెక్కినా సరే (ఇసుక అడ్డొస్తుందేమో గానీ నీళ్ళు అడ్డొస్తాయన్న భయం మా ఏట్లో ఎవరికీ లేదు).

ఈ తొందరకి అసలు కారణం గుడియాత్తంలో ఉంది: మా మేనమామ కూతురు. మామ లుంగీలు నేస్తాడు. నన్ను చూస్తే ఆయన మాట మగ్గంకంటే గట్టిగా పలికేది. "రేయ్ అల్లుడా, నీకు మగ్గమూ రాదు, తాపీ రాదు. నోరొకటే వస్తాది. ఆడి నెల దాటేలోపల ఏదైనా ఒక పని చేసి చూపించు. లేదంటే ఆవణిలో పాపను పవర్‌లూమ్ పిల్లోడికి ఇచ్చేస్తా, సరియా?" (మా అరవనాట ఆడి అంటే ముహూర్తాలు లేని ఆషాఢం లాంటి నెల, దాని వెనకే పెళ్ళిళ్ళ ఆవణి.)

లారీ బ్రేకులకు గాలి పట్టే కంప్రెసర్ ఒకటి పాత సామాన్ల కొట్లో దొరికింది. ఇంజను ముందుండే పుల్లీకి ఇంకో బెల్టు తగిలించి దాన్ని తిప్పాలి. చెప్పడానికి ఇంతే. కానీ కంప్రెసర్ కూర్చోవలసినచోట బ్యాటరీ ఉంది, బ్యాటరీ జరపవలసినచోట హారన్ ఉంది, హారన్ పోవడానికి చోటే లేదు. చివరికి దాన్ని ఒళ్ళో పెట్టుకుని నడిపాను. బ్రాకెట్టు వెల్డింగు పెడితే బెల్టు వంకరపోయింది, బెల్టు సరిచేస్తే బానెట్టు మూసుకోలేదు. మా మెకానిక్కుని అందరూ గ్రీసన్న అనేవారు. "అన్నా, బానెట్టు తెరుచుకునే ఉందే!" అని నేను మొత్తుకుంటే, "మూసేది ఎందుకప్పా? ఇంత అందంగా చేసింటే నలుగురూ చూడొద్దా?" అన్నాడు. గాలి ట్యాంకుని వెనక సీటు కింద కట్టి ఇంజను స్టార్టు చేస్తే, సేఫ్టీ వాల్వు ఒక కూత పెట్టింది. ఆ కూతకి కాట్పాడి స్టేషన్లో రైలు కదిలిపోయిందని అంటారు. (అన్నది నేనే.)

ఆడి చివర్లో ఒక పొద్దున, జీపు చూపించి మామని మెప్పిద్దామని గుడియాత్తం చేరాను. ఆ వీధిలో పొద్దునపూట ఒక మర్యాద ఉంది. పడుగు నూలంతా వీధి పొడవునా కర్రల మీద పరిచి, గంజి రాసి, ఎదురెదురుగా నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదిరేలోగా పోగుకి పోగు అంటుకోకుండా ఆరాలి. అంతసేపూ కలెక్టరు కారైనా వీధి మొదట్లో ఆగాల్సిందే. ఆ రోజు సగం వీధి కావడి మోసుకుని మురుగన్ కొండకి పోయింది. గిరాకీ తరుముతుంటే మామ మాత్రం పడుగు పరిచేసి, దువ్వే చేతులు చాలక అల్లాడుతున్నాడు.

"మామా, గంజి నా గన్‌లో పోయండి. కాఫీ తాగేలోపల కొట్టేస్తాను" అన్నాను.

"ఇది గేటు కాదురా అల్లుడా, నెల కష్టం!"

"చేయనీ నాయనా," అంది మామ కూతురు కుంచె మీద గడ్డం ఆనించి. "చెడిపోతే పవర్‌లూమ్ వాళ్ళకి కబురు పెట్టేది సులువు."

ఆ మాటతో నాకు రోషం వచ్చింది. ఆక్సిలేటర్ మీద ఒక ఇటుక పెట్టి గన్ నొక్కాను. అన్నం గంజి, మెతుకు మెతుకూ అడ్డుపడి గన్ మూసుకుపోయింది. ఇంకో ఇటుక పెట్టాను. గన్ మూతి ఊడిపోయింది, గంజి ఆకాశానికి లేచి కొండకి పోనివాళ్ళందరికీ అభిషేకం చేసింది. వీధి చివర చోద్యం చూస్తున్న ఒక మేక నిలువెల్లా గంజి పట్టి, ఎండకి ఆరి, అట్టలా బిగుసుకుపోయింది. పాపం, కాళ్ళు వంచలేదు, నోరు తెరవలేదు. పడుగు మాత్రం తడిసి ముద్దయింది.

"పోయినాది! పోగులు కరుచుకుంటే ఇంక చాప చుట్టినట్టు చుట్టుకునేదే!" అని మామ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

మామ కూతురు గొట్టం చేతికి తీసుకుంది. "బావా, గంజి లేకుండా ఉత్త గాలి వస్తాదా దీంట్లో?"

"గాలి దాని అసలు పనే కదా!"

"మరి యాడ చూస్తా ఉండావు? బండి తోలు!"

ఒక పక్క చక్రాలు మురిక్కాలవలో, ఇంకో పక్కవి అరుగు మెట్ల మీద. ఫోర్ వీల్ గేరు వేసి, పడుగు పక్కనే నత్తలా తోలాను. ఆమె గొట్టంతో గాలి ఊదుతూ నడిచింది, వెనకే మామా అత్తా దువ్వుకుంటూ వచ్చారు. వీధి చివరికొచ్చాక మామ గోటితో పోగులు మీటి చూశాడు. అవి విడివిడిగా పలికాయి.

"నీ గంజి తగలెయ్య గానీ అల్లుడా, గాలి మాత్రం బాగుండాది."

"గాలి పట్టింది నేను నాయనా."

"అదే చెప్తా ఉండా పాపా. వాడు బండి తోలనీ, నువ్వు గాలి పట్టు. ఆవణిలో ముహూర్తం చూస్తా."

ఇందులో కల్పితం ఏదో చెప్పి ముగిస్తాను. రైలు అనుకుంటారేమో, దాన్ని ఇంకా విచారించాలి. లేనిది మేక. ఆ వీధిలో ఆ రోజు మేకన్నదే లేదు. నిలువెల్లా గంజి పట్టి అట్టలా బిగుసుకుపోయింది నేను. మామ ముహూర్తం మాట అన్నప్పుడు నవ్వుదామంటే బుగ్గలు కదల్లేదు. ఆ పిల్ల కొంగు తడిపి నా మూతి చుట్టూ తుడిచి, "ఇప్పుడు నవ్వు బావా" అంది. అన్నిటినీ పెంచి చెప్పగలిగిన నాకు, ఈ వయసులో కూడా, ఆ నవ్వు ఒక్కటి మాత్రం ఎంత పెంచి చెప్పినా తక్కువే అవుతోంది.