ఫొటోలో వదిన

మావారికి కరెంటు ప్లాంటు వాళ్లిచ్చిన ఊర్జానగర్ క్వార్టర్‌లో వంటింటి పక్క గదే నా ఆఫీసు. వెబ్‌సైట్లు తయారుచేయడం నా పని. ఆ చలికాలం నాగపూర్‌లో ఒక కంపెనీ నన్ను ఉద్యోగానికి పిలిచింది. వచ్చే నెల మొదట్లోనే చేరమంది. మావారు కాదనలేదు. "మామ పని ఒప్పజెప్పి పో, మాట రావొద్దు," అన్నారంతే.

మామ అంటే మావారి మేనమామ. రాజురా దగ్గర పల్లెలో ఉంటాడు. మావారిని చదివించింది ఆయనే కాబట్టి మా ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు. మా వాళ్ల సంఘానికి పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ కావాలన్నాడు, చేసిచ్చాను. అంతటితో వదిలితేగా! వివరాలన్నీ ఎవరికి వారు నింపుకుంటారు, ఫొటోలు మాత్రం నా వాట్సాప్‌కు పంపుతారు. ఒకటి నిలువు, ఒకటి అడ్డం, ఒకటి పెళ్లి ఆల్బమ్‌ను ఫోన్‌తో తీసింది. వాటిని కత్తిరించి, ఒకే కొలతకు తెచ్చి ఎక్కించేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. పొయ్యి మీద పప్పు మాడుతుంటే నేను ఎవరి భుజాలో సరిచేస్తూ కూర్చునేదాన్ని. ఈ పని నేను లేకుండా జరిగితేనే నాకు నాగపూర్. అందుకే ఫొటోలు కత్తిరించే ప్లగిన్, అంటే వెబ్‌సైట్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం కోసం వెతుకులాట మొదలుపెట్టాను.

మొదట పెట్టింది తనంతట తానే ముఖాన్ని గుర్తుపట్టి కత్తిరించే రకం. హమ్మయ్య అనుకున్నాను. కానీ మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. పెళ్లికాని పిల్ల ఫొటోను ఒంటరిగా బయటికి పంపరు. పక్కన వదిన నిలబడి పిల్ల భుజం మీద చెయ్యి వేస్తుంది. పిల్ల సిగ్గుతో తల దించుకుంటే, వదిన కెమెరాను సూటిగా చూస్తుంది. పాపం ప్లగిన్‌కేం తెలుసు, అది వదిననే పట్టుకుంది. భద్రావతి నుంచి ఒక పెద్దామె ఫోన్ చేసింది.

"పిల్ల మాకు నచ్చింది బిడ్డా. జర వయసు ఎక్కువ కనవడ్తుంది గని, మావోడు ఒప్పుకున్నడు."

తీరా చూస్తే వాళ్లకు నచ్చిన మనిషి ఇద్దరు పిల్లల తల్లి. పొట్ట పట్టుకుని నవ్వాను. మర్నాడు ఆ వదిన మొగుడు మామ ఇంటి ముందు పంచాయితీ పెట్టాక నవ్వు రాలేదు. ప్లగిన్ తీసేశాను.

ఈసారి చేత్తో జరుపుకునే రకం వెతికాను. మా వాళ్లు తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు, బడంతా మరాఠీలోనే. వివరాల పేజీ నేనే మరాఠీలో రాశాను గానీ మరాఠీ ప్లగిన్ దొరకలేదు, కాబట్టి అసలు మాటలే లేనిది కావాలి. చివరికి ఒకటి దొరికింది. ఫొటో మీద ఒక చదరపు గీత కనిపిస్తుంది. దాన్ని వేలితో జరిపి, కావలసినంత పెంచి, తగ్గించి, ఆకుపచ్చ గుర్తు నొక్కితే చాలు. కొలత అదే చూసుకుంటుంది, అసలు ఫొటోను కూడా దాచి ఉంచుతుంది. మా అత్తమ్మ చేతికి ఫోన్ ఇచ్చాను. కళ్లద్దాలు లేకుండానే చేసేసింది.

"గింతేనా? దీనికేనా నువ్వు గంత పరేషాన్ అయ్యింది?"

ఆ మధ్యాహ్నమే అటక మీంచి సంచి దించి చీరలు సర్దాను. ఫొటోలు వాటంతటవే ఎక్కసాగాయి, నా వాట్సాప్ మూగబోయింది. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

ఆదివారం మామ వచ్చాడు. టీ తాగుతూ ఫోన్‌లో వెబ్‌సైట్ చూశాడు.

"వదినలు ఏడవోయిన్రు బిడ్డా?"

నిజమే. కత్తిరించుకునే వీలు చేతికొచ్చేసరికి ఆడపిల్లలు వదినలను పక్కకు తీసేశారు. వరుసగా ఒక్కొక్క ముఖం, ఒక్కొక్క చదరంలో. నాకైతే ముచ్చటేసింది.

"పిల్ల ఒక్కతే నిలవడితే, ఇంట్ల పెద్దోళ్లు లేరనుకుంటరు. మిషిన్‌కు ఏం దెలుస్తది? ఎక్కేముందు మనింటి ఆడమనిషి చూడాలె. నువ్వు చూస్తవ్."

"నేను నాగపూర్ పోతున్న గద మామా. అక్కడ్నించి కూడ చూడొచ్చు."

"ఫొటో ఒక్కటే చూస్తె అయితదా? ఆ ఇంటికి పోవాలె, వదిన ఎవలో చూడాలె, గప్పుడు ఎక్కియ్యాలె. ఇంకెవల్ల చేతుల పెడ్దు? నువ్వుంటెనే మాకు ధీమ."

మావారి వైపు చూశాను. ఆయన టీ కప్పులోకి చూస్తున్నారు. నా పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. పని చెడగొట్టి ఉంటే తిట్టి వదిలేసేవాళ్లేమో, బాగా చేసి ఇరుక్కున్నాను. నాగపూర్ కంపెనీకి రాలేనని ఆ సాయంత్రమే చెప్పేశాను.

మామ వెళ్లాక మొదటి ఫొటో తెరిచాను. రాజురా పిల్ల. చదరంలో తనొక్కతే ఉంది గానీ, భుజం మీద వదినవి నాలుగు వేళ్లు మిగిలిపోయాయి. కనీసం ఈ ఒక్క పిల్లకైనా ఆ వేళ్లు లేకుండా చేద్దామని గీతను లోపలికి జరిపాను. వేళ్లు పోవాలంటే భుజం పోతోంది. ఇంకాస్త జరిపితే చెవి పోతోంది. ఎటు జరిపినా పిల్లే తగ్గిపోతోంది. నాకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, గీతను వెడల్పు చేసి, వదినను మొత్తం లోపలికి తెచ్చి ఆకుపచ్చ గుర్తు నొక్కాను.

ముందు గదిలో మా అత్తమ్మ, నేను అడక్కుండానే, సంచిలోంచి నా చీరలు తీసి బీరువాలో పెడుతోంది.