సత్తెమ్మ వేయని మట్టిముద్ద

మా చిన్నప్పుడు... ఎండాకాలం వచ్చిందంటే మా వాకిలి నిండా చింతపండే. మునగాల దగ్గర మా ఊరు. కూలికొచ్చిన ఆడవాళ్ళు వరుసగా కూర్చుని కాయలు కొట్టి గింజ తీసేవాళ్ళు. మా నానమ్మ ఆ పండుకు ఉప్పు చల్లి, పిడికిలితో అదిమి అదిమి కుండలకెత్తేది.

నాకప్పుడు ఐదో తరగతి సెలవులు. ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటున్న నానమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. వేలికి ఉంగరం లేదు... తాతయ్య పెట్టిన ఉంగరం.

వాకిలి ఊడ్చారు. కాయల పెంకులన్నీ జల్లెడ పట్టారు. గింజల కుప్ప తిరగేశారు. ఆ తర్వాత అందరి చూపూ కూలివాళ్ళ కొంగుముడుల మీదికే పోయింది.

పోలీసుల దాకా పోవడం మా ఊళ్ళో పరువు తక్కువ పని. ఏదైనా పోతే మట్టిముద్దలు వేయించేవాళ్ళు. వస్తువు పోయినప్పుడు అక్కడున్న ప్రతి మనిషీ తడిమట్టితో ఒక ముద్ద చేసి, ఒంటరిగా పశువుల కొట్టంలోకి వెళ్ళి, అక్కడున్న గంపలో వేసి రావాలి. తీసినవాళ్ళు ఆ ముద్దలోనే వస్తువు పెట్టి వేయొచ్చు. అందరూ వేశాక ఊరి పెద్దమనిషి గంపను నీళ్ళ గోలెంలో గుమ్మరించేవాడు. మట్టి కరిగితే అడుగున వస్తువు దొరికేది... దొంగ పేరు మాత్రం దొరికేది కాదు.

ఎంత దయగల పద్ధతి అనిపించేది. ఇప్పటికీ సగం అలాగే అనిపిస్తుంది. మిగతా సగం గురించే ఈ రాత.

మర్నాడు పొద్దున కూలివాళ్ళలో పదకొండు మంది వేశారు. పన్నెండో మనిషి సత్తెమ్మ. ఏటా మా మిరపచేలో కాయ ఏరే మనిషి. వట్టి చేతులతో వచ్చి వాకిట్లో నిలబడింది.

"నేను తియ్యలే పటేలమ్మా. ఎయ్యమంటె ఎస్త. కాని నిన్న ఈ వాకిట్ల మీ ఇంటోళ్ళు గూడ ఉన్నరు గద. మీరు గూడ తలా ఒకటి ఎయ్యున్రి. మీ ఎనకనే నేనేస్త."

నానమ్మ నవ్వింది.

"ఇగ సూడున్రి... నా ఉంగరం నేనే దొంగతనం చేసుకున్ననంట."

పెద్దమనిషి కూడా నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటా... సరిగ్గా గుర్తులేదు. నవ్వలేదని చెప్పుకోవాలని నాకే ఉంది కాబట్టి, నా జ్ఞాపకం మీద నాకే నమ్మకం లేదు.

గోలెంలో పదకొండు ముద్దలు కరిగాయి. ఉంగరం లేదు. ఇంకేముంది... ముద్ద వేయని మనిషే దొంగ!

ఎవరూ ఆ మాట పైకి అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు. పనికి పిలవడం మానేశారు, అంతే. నాట్లకు పిలవలేదు, కలుపుకు పిలవలేదు. ఆమె దుకాణానికొస్తే సేటు డబ్బాల మూతలు సరిచూసుకునేవాడు. తోటి కూలివాళ్ళు కూడా ఆమె పక్కన కూర్చోవడానికి జంకేవాళ్ళు... రేపు ఏం పోయినా తమ మీదికే వస్తుందని. దసరా రాకముందే సత్తెమ్మ మొగుడినీ పిల్లల్నీ తీసుకుని మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనికి వెళ్ళిపోయింది.

కార్తీకంలో ఒకరోజు అమ్మ చారుకని కుండలోంచి చింతపండు తీసి నానబెట్టింది. పిసుకుతుంటే చేతికి గట్టిగా ఏదో తగిలింది. నేను పక్కనే ఉన్నాను.

ఉంగరం.

పండు అదుముతున్నప్పుడే నానమ్మ వేలి నుంచి జారి కుండలోకి పోయిందన్నమాట. పెంకులు జల్లెడ పట్టాం, మనుషుల్ని జల్లెడ పట్టాం... మా కుండలో మేం చెయ్యి పెట్టి చూసుకోలేదు.

సత్తెమ్మకు కబురు పెడదామా అని నాన్న నసిగాడు.

"ఏమని పెడ్తవ్? తప్పయింది, రమ్మని పెడ్తవా?" అంది నానమ్మ. "రేపటి సంది ఊర్ల మన మాట ఎవరింటరు?"

ఉంగరం పెట్టెలోకి పోయింది. ఆ రోజు చారు అందరం తిన్నాం.

సూర్యాపేటలో డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి మిర్యాలగూడ బస్టాండులో సత్తెమ్మ కనబడింది. చెప్పేయాలని గబగబా దగ్గరికి వెళ్ళాను. ఆ ఉంగరం... అని నేను మొదలుపెట్టానో లేదో, ఆమే అందుకుంది.

"చింతపండు కుండల దొరికిందంట గద బిడ్డా. నాకు ఆ వారమే తెల్సింది. ఊరందరికీ ఎరికే."

బస్సు వైపు చూస్తూ అంది.

"దొరికిందని అందరు చెప్పిన్రు. రమ్మని ఒక్కలు చెప్పలే."

ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది.

మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టాడు... మన చిన్నప్పుడు దొంగతనమే ఎరగం, పోలీసు బండి ఎరగం, ఎంత భద్రంగా ఉండేవాళ్ళమో అని. కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. ఒళ్ళు మండింది. ఎవరం భద్రంగా ఉన్నాం? ముద్ద వేయనక్కర్లేని ఇళ్ళవాళ్ళం! స్టేషన్లో కేసు లేకపోతే ఊళ్ళో నేరం జరగనట్టేనా? ఒక తప్పూ చేయని మనిషి ఇల్లు ఖాళీ చేసి పోతే దాన్నేమనాలి? తెలిసీ నోరు మూసుకున్న ఊరినేమనాలి?

ఇదంతా ఆ గ్రూపులో రాశాను. తుడిపేశాను. మళ్ళీ రాశాను. నానమ్మ ఇప్పుడు లేదు, జవాబు చెప్పుకోలేని మనిషి గురించి రాయడం న్యాయమేనా అని సందేహం... మరి సత్తెమ్మ నిండు వాకిట్లో నిలబడి జవాబు చెప్పింది కదా, ఎవరు విన్నాం? చివరికి ఇక్కడ పెడుతున్నాను.

ఇప్పుడు మా ఊరి మలుపులో కెమెరాలు పెట్టారు. మట్టిముద్దల మాటే పిల్లలకు తెలియదు. ఆ పద్ధతి పోయిందని నాకూ బెంగే, అబద్ధం చెప్పను... ఆ రోజు మా ఇంటివాళ్ళం కూడా తలా ఒక ముద్ద వేసి ఉంటే, అంత మంచి పద్ధతి ఇంకోటి లేదని నేనే అందరికీ చెప్పుకునేదాన్ని.

ఏ తప్పూ చేయకుండా మీ ఊరి నుంచీ ఎవరో ఒకరు ఇలా వెళ్ళిపోయే ఉంటారు. వాళ్ళు తిరిగొచ్చారా... కనీసం ఎవరైనా రమ్మన్నారా? తెలిస్తే రాయండి.