రెండో దెబ్బ

విశ్వవిద్యాలయంలో అందరూ ఆమెను పళ్ళక్క అనేవారు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళకు పైగా ఒక పళ్ళ డాక్టరు దగ్గర నర్సుగా చేసి, ఆయన ఆసుపత్రి మూసేశాక పరిశోధనశాలలో చేరింది. ఇక్కడా పళ్ళతోనే పని. కాకపోతే ఇవి నాలుగు వందల ఏళ్ళ నాడు చచ్చిపోయినవాళ్ళ పళ్ళు. “వీళ్ళే నయం. నొప్పని అరవరు, నోరు తెరవమంటే చెయ్యి కొరకరు” అని నవ్వేది.

పని మాత్రం నవ్వులాట కాదు. ఒళ్ళంతా కప్పే తెల్ల సూటు, రెండు జతల గ్లవ్స్, మాస్కు, కళ్ళద్దాలు వేసుకోవాలి. పంటిని అడ్డంగా కోసి, లోపలి గుల్లలోంచి సన్నటి డ్రిల్లుతో పొడి తియ్యాలి. ఆ మనిషి నెత్తుట్లో ఆఖరి రోజుల్లో ఏ క్రిమి తిరిగిందో దాని ఆనవాలు ఆ చిటికెడు పొడిలో ఉంటుంది. చెయ్యి వెంట్రుకవాసి వణికినా పన్ను పాడైపోతుంది. పళ్ళక్క చెయ్యి వణకదని పేరు.

ఆ ఏడాది ఊరి అంచున మురుగు కాలువ కోసం తవ్వుతుంటే ఒక పెద్ద గుంట బయటపడింది. అందులో నలభై ఒక్క అస్థిపంజరాలు, ఒకదాని మీద ఒకటి. అది మహమ్మారి కాలపు గుంట అని చరిత్ర శాఖ మేడం తేల్చింది. ఆ కాలపు గొలుసుకట్టు రాత చదవడం మేడానికి మంచినీళ్ళప్రాయం. పాత పుస్తకాలు ఆవిడ వంతు, పళ్ళు పళ్ళక్క వంతు.

ఇరవై రెండు మంది పళ్ళలో మహమ్మారి క్రిమి దొరికింది. మిగతా పంతొమ్మిది మందిలో దొరకలేదు. దొరకనంత మాత్రాన లేదని చెప్పలేం కాబట్టి మళ్ళీ పొడి తీశారు, మూడోసారీ తీశారు. అయినా దొరకలేదు. అప్పుడు వాళ్ళ ఎముకల్ని బల్ల మీద పేర్చి చూశారు. పుర్రెలు వెనక నుంచి చితికి ఉన్నాయి. ఒక ఆడమనిషి దవడ రెండు ముక్కలైంది. దాదాపు అందరికీ ఎడమ ముంజేతి ఎముక ఒకేచోట విరిగింది.

“ఇదేంటి మేడం, అందరికీ ఒకేచోట?”

“దెబ్బ నెత్తి మీదకొస్తుంటే మనిషి చెయ్యి అడ్డం పెడతాడు అక్కా” అంది మేడం.

ఊరి పెద్దల సమావేశాల పుస్తకంలో ఆ వారానికి రెండే వాక్యాలు దొరికాయి. శవాలు మోసేవాళ్ళు ఇళ్ళ తలుపులకు విషం పూస్తున్నారట. అందుకని ఊరివాళ్ళు వాళ్ళనీ, వాళ్ళ ఆలుబిడ్డల్నీ శుభ్రం చేశారట.

“ఊరివాళ్ళంటే ఎవరు మేడం?”

“పేర్లు రాయలేదు. ఎవరూ చెప్పి ఉండరు.”

ఆ పంతొమ్మిది మందిలో ఒక పిల్ల దవడ ఉంది. పాలపన్ను కింద అసలు పన్ను పుట్టి, ఇంకా పైకి రాలేదు. ఐదారేళ్ళుంటాయి. ఆ పన్ను కోసిన రోజు పళ్ళక్క అన్నం సగంలో వదిలేసి లేచింది.

ఆమె భర్త పెళ్ళైన కొత్తలోనే పోయాడు. తమ్ముడి ఇంట్లోనే ఉండేది. తమ్ముడు లారీ మెకానిక్కు. నోటి దురుసే గానీ, అక్కంటే ప్రాణం. అతనికి ఒక్కతే కూతురు, ఐదేళ్ళది. అమ్మ పక్కన కంటే అత్త పక్కనే పడుకునేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో తింటూ తింటూ పళ్ళక్క మాటవరసకు తమ్ముడితో అంది. “ఇరవై రెండు మందిలో దొరికిందిరా ఆ మహమ్మారి పురుగు.”

“అమ్మో! ఇంటికి పట్టుకొచ్చేవు వదినా!” అంది మరదలు.

“చచ్చిన పాము బుస కొడుతుందా? దాని తునకలే మిగిలాయి, అంతే.”

మరదలు ఆ మాట కుళాయి దగ్గర చెప్పింది. చచ్చిన పాము సంగతి అక్కడే రాలిపోయింది. “పళ్ళలో మహమ్మారి దొరికిందట” అన్నది మాత్రం వీధి చివరిదాకా నడిచి వెళ్ళింది.

పది రోజులకు ఆ వీధుల్లో పిల్లలకు జ్వరం, నెత్తురు విరేచనాలు మొదలయ్యాయి. ఒకరు, ముగ్గురు, పదకొండు మంది. తమ్ముడి కూతురు నాలుగో రోజు ఆసుపత్రిలో పోయింది. అత్త వేలు పట్టుకునే ఉంది, పట్టు సడలడం అత్తకే ముందు తెలిసింది.

తమ్ముడు ఏడవలేదు. శవం ఇంటికి తెచ్చాక అక్క చేతుల వంక చూసి, “దాన్ని ముట్టుకునే ముందు కడుక్కునేదానివా?” అన్నాడు. రోజూ మోచేతుల దాకా కడుక్కునే ఇంటికొచ్చే పళ్ళక్క, రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

పూడ్చిన మూడో నాడు పొద్దున పదకొండింటికి ఆ వీధులవాళ్ళు పరిశోధనశాల మీదకు వచ్చారు. వందమందికి పైనే ఉంటారు. గేటు దగ్గర కాపలా ముసలాయన చేతులు చాపి నిలబడ్డాడు. “బాబూ, లోపల ఆడవాళ్ళున్నారు, ఆగండి బాబూ” అన్నాడు. ఆయన కూర్చునే ఇనప స్టూలుతోనే ఆయన నెత్తి పగలగొట్టారు. పడ్డాక కూడా ఆపలేదు. పక్క గది కిటికీలోంచి మేడం అంతా చూసింది. చివరికి ఇంటివాళ్ళు ఆయన్ని గుర్తుపట్టింది చొక్కా చూసే.

అద్దాలు పగిలాయి. ఎముకల పెట్టెలు నేలకేసి కొట్టారు. నాలుగు వందల ఏళ్ళ నాడు చితికిన పుర్రెల్ని మళ్ళీ కాళ్ళతో చితక్కొట్టారు. ఎవరో మేడం జుట్టు పట్టి మెట్ల మీద నుంచి ఈడ్చారు. ఆవిడ రెండు పక్కటెముకలు విరిగాయి.

పళ్ళక్క సూటులోనే ఉంది. లోపలి గది తలుపు విరగ్గొట్టుకుని ముందు వచ్చింది తమ్ముడే. చేతిలో లారీ చక్రాలు విప్పే పానా ఉంది. మాస్కూ కళ్ళద్దాలూ ఉన్న తెల్ల ఆకారాన్ని చూసి పానా ఎత్తాడు. ఆమె ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

“ఒరేయ్, నేనురా!” అని కుడిచేత్తో మాస్కూ కళ్ళద్దాలూ లాగేసింది. “నేనురా తమ్ముడూ, అక్కని!”

అతను ఆగాడు. కళ్ళలోకి చూశాడు. ఆమె మొహం ఆనవాలు కట్టి, “నువ్వేనే చంపింది” అన్నాడు. మళ్ళీ ఎత్తాడు. రెండో దెబ్బ కుడి మణికట్టు మీద పడింది. మూడోది పడేలోపు పోలీసులు వచ్చారు.

పరిశోధనశాల వాళ్ళే ఆ వీధుల నీళ్ళు పరీక్షించారు. కాలువ తవ్వినవాళ్ళు తాగునీటి గొట్టం పగలగొట్టారు, అందులో మురుగు కలిసింది. పిల్లల కడుపులో దొరికిన క్రిమీ, నీళ్ళలో దొరికిన క్రిమీ ఒకటే. గుంటలోని మహమ్మారితో దానికి చుట్టరికమే లేదు. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. దొంగే తను దొరనని కాగితం రాసుకున్నాడన్నారు.

కేసు కోర్టుకెళ్ళే ముందు మరదలు ఆసుపత్రికి వచ్చింది. పళ్ళక్క రెండు చేతులకూ కట్లు. మరదలే అన్నం కలిపి పెట్టింది. పెడుతూ పెడుతూ అంది.

“మాస్కు తియ్యలేదని చెప్పు వదినా. ఎవరో తెలియక కొట్టాడని చెప్పు. రెండేళ్ళలో వచ్చేస్తాడట. కూతురు పోయింది, మొగుడు కూడా పోతే నేనేమైపోను?”

పళ్ళక్క ముద్ద మింగలేక మింగింది. అబద్ధం చెప్పాలనే అనుకుంది. కోర్టు మెట్లు ఎక్కేదాకా అదే అనుకుంది.

బోనులో నిలబడ్డాక వకీలు అడిగాడు. “గేటు దగ్గర కొట్టినవాళ్ళలో మీ తమ్ముడున్నాడా?”

“నాకు తెలీదు బాబూ, నేను లోపలున్నాను.”

“మిమ్మల్ని కొట్టింది ఎవరు? ఆ రోజు వచ్చిన ఊరివాళ్ళేనా?”

ఊరివాళ్ళు. పెద్దల పుస్తకంలో పేర్లకు బదులు ఉన్నదీ ఆ మాటే. ఆమెకు పాలపన్ను కనబడింది, చొక్కా చూసి గుర్తుపట్టాల్సొచ్చిన ముసలాయన కనబడ్డాడు.

“ఊరివాళ్ళు కాదు. మా తమ్ముడు” అంది. “మొదటి దెబ్బ తెలియక కొట్టాడు. రెండోది తెలిసి కొట్టాడు.”

కోర్టు హాల్లో మరదలు పెట్టిన కేక బయట చెట్లకింద ఉన్నవాళ్ళకు కూడా వినిపించింది. తమ్ముడికి ఏడేళ్ళ శిక్ష పడింది. ముసలాయన్ని చంపిన ముగ్గురికి యావజ్జీవం. ఆ ముగ్గుర్నీ చూపించింది మేడం. మరదలు ఆ సాయంత్రమే పుట్టింటికి వెళ్ళిపోయింది.

కుడి మణికట్టు మళ్ళీ పూర్తిగా తిరగలేదు. డ్రిల్లు పట్టడం అయిపోయింది. కొత్తగా వచ్చిన ఇద్దరమ్మాయిలకు పళ్ళక్క నోటిమాటతోనే పని నేర్పేది. “అలా నొక్కకే తల్లీ, అది చెరుకుముక్క కాదు” అని గదమాయించేది.

జైలుకు రెండుసార్లు వెళ్ళింది. తమ్ముడు కలవనన్నాడు. మూడోసారి వచ్చాడు. ఒళ్ళు సగమైంది. బల్లకు ఆ పక్కన కూర్చుని ఆమె వంకర చేతినే చూశాడు.

“వంగదా?”

“వంగదురా.”

“పాపకి... అది నీళ్ళ వల్లేనని చెప్తున్నారు. అందరూ చెప్తున్నారు. నువ్వు చెప్పు. నువ్వు అబద్ధం చెప్పవు. అది నాకు కోర్టులోనే తెలిసింది.”

“నీళ్ళ వల్లే. మన ఇంటి కుళాయి నీళ్ళు కూడా పట్టుకెళ్ళి చూశారు.”

అతను తల ఊపాడు. ఒకసారి, రెండుసార్లు. ఆ ఊపే తలని బల్ల అంచుకేసి కొట్టుకున్నాడు. నుదురు చిట్లి నెత్తురు చిమ్మింది. మళ్ళీ కొట్టుకున్నాడు. పళ్ళక్క బల్ల మీదకు వంగి, విరిగి అతికిన చేతులు రెండూ అతని నుదుటికీ చెక్కకూ మధ్య పెట్టింది. మూడో దెబ్బ వాటి మీదే పడింది. ఆమె చేతులు తియ్యలేదు. ఇద్దరు జవాన్లు అతన్ని విడదీసి ఈడ్చుకుపోతుంటే, “అక్కా, మళ్ళీ ఎప్పుడొస్తావే?” అని అరిచాడు.

“వచ్చే నెల” అంది ఆమె. అప్పటికే తలుపు పడింది. వినిపించిందో లేదో అని, తలుపు దగ్గరికెళ్ళి గట్టిగా ఇంకోసారి చెప్పింది.